ఎరుపెక్కని కాలనీ

మురుగు గొట్టాల దగ్గర పరీక్షకు మురుగునీళ్లు సీసాల్లో నింపడం వరహాలమ్మ సర్కారు ఉద్యోగం. మందులకు లొంగని క్రిములు దొరికిన కాలనీ దేశపటంలో ఎర్రబడుతుంది, దొరక్కపోతే పచ్చగా ఉంటుంది. ఆసుపత్రిలో మిషన్ రోగి కాలనీ రంగును బట్టే మందు రాస్తుంది.

పేర్రాజుగారి కాలనీ ఆరేళ్లుగా పచ్చగానే ఉంది. ఎందుకుండదు? ఆమె వచ్చే ముందే అసోసియేషన్ కార్యదర్శి హోదాలో ఆయన దగ్గరుండి గొట్టంలో బకెట్టెడు బ్లీచింగ్ నీళ్లు పోయిస్తాడు. వరహాలమ్మ ఫిర్యాదు చేస్తే ఆమె పైఅధికారి, "పచ్చగా ఉంటే నీకేం నొప్పి?" అన్నాడు.

ఈ సోమవారం పేర్రాజుగారు కుంటుకుంటూ వచ్చాడు. కాలికి కట్టిన కట్టులోంచి కుళ్లు వాసన.

"పుండు మానట్లేదు వరహాలమ్మా. గట్టి మందు అడిగితే, మీది పచ్చ కాలనీ, పాత మాత్రే చాలంటోంది మిషన్."

"అయితే బ్లీచింగ్ ఆపించండి. ఉన్న క్రిములు సీసాలో పడితే వారంలో మందు మారుద్ది."

పేర్రాజు గేటు మీద మెరుస్తున్న 'ఆరోగ్య కాలనీ' ఫలకం వైపు చూశాడు.

"వచ్చే నెల అవార్డు కమిటీ వస్తోంది. అది కానివ్వు, తర్వాత చూద్దాం."

ముక్కు మండిస్తున్న సీసాకు వరహాలమ్మ మూత బిగించింది.

"మరి కాలికి చెప్పారాండి, వచ్చే నెల దాకా ఆగమని?"