మడత సీటు

"అమ్మా, లేవండి. అది నా సీటు."

బస్సు ఇంకా సికిందరాబాదు స్టేషన్ ముందే ఉంది. తలుపు పక్కన గైడు కోసం బిగించిన మడత సీటులో ఒక పెద్దావిడ దర్జాగా కూర్చుంది. ఒళ్ళో గుడ్డసంచి, చేతిలో ఊరు చూపించే ఈ బస్సు టికెట్టు.

"దీని మీద నీ పేరు రాసున్నదా బిడ్డా?"

గైడు డోరాకు ఒళ్ళు మండింది.

మండదా మరి! ఇది ఎనభై ఒకటి నాటి మాట. వారం రోజులుగా ఆ సీటు గురించే రభస. దాన్ని పీకేసి అక్కడ ఇద్దరు ప్యాసింజర్లు పట్టే సీటు వేయిస్తానంటాడు మేనేజరు రామ్మోహనరావు. "గైడన్నాక నిలబడి చెప్పాలమ్మా" అని సన్నాయి నొక్కులొకటి. గోల్కొండ మెట్లెక్కి, మ్యూజియమంతా తిరిగి, చార్మినార్ ఎక్కి దిగి, జూ చుట్టి వచ్చే మనిషికి కాళ్ళు చాపుకునేది బస్సులోనే కదా! సీటు తీస్తే ఉద్యోగం మానేస్తానని డోరా మొహం మీదే చెప్పేసింది. మానేస్తే ఇల్లెలా గడుస్తుందో ఆమెకే తెలీదు.

ఈవిడను మేనేజరే కూర్చోబెట్టి ఉంటాడు. ఇదో కొత్త ఎత్తు.

"మీది పద్నాలుగో నంబరు. వెనకాల కిటికీ పక్కన. గాలి బాగా వస్తుంది."

"నాకు గాలొద్దు. గిదే మంచిగున్నది."

డ్రైవరు సదాశివ అద్దంలోంచి చూశాడు. "ఒక్క రోజే కదా, కూర్చోనియ్యి బిడ్డా."

"నువ్వూ మేనేజరు పార్టీయేనా అన్నా?"

సదాశివ గేరు వేసి బస్సు తీశాడు.

డోరా కడ్డీ పట్టుకుని నిలబడే హుస్సేన్‌సాగర్ గురించి చెప్పింది, రాళ్ళ గుట్టల గురించి చెప్పింది. బస్సు కుదిపినప్పుడల్లా మోకాలు వెళ్ళి పెద్దావిడ సీటుకు తగిలింది.

"పడుచుదానివి, నిలబడితే ఏమైతది?"

"పడుచుదానికైనా కాళ్ళు ఇనపవి కావమ్మా."

ఆవిడ కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. ఆ నవ్వు చూసి డోరాకు ఇంకా కాలింది.

గోల్కొండ వచ్చింది. అందరూ దిగారు. ఆవిడ కదల్లేదు.

"మీరు రారా? ఇక్కడ చప్పట్లు కొడితే కొండపైకి వినిపిస్తుంది."

"శానా సార్లు కొట్టిన. జెర కూర్చోనియ్యి."

టికెట్టు కొని గోల్కొండ చూడని మనిషి ఉంటుందా లోకంలో? మేనేజరు మనిషే, ఇంక అనుమానం లేదు!

పైదాకా ఎక్కి దిగేసరికి డోరాకు పిక్కలు పట్టేశాయి. వచ్చి తలుపు దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"మీరు ఎవరి మాట మీద కూర్చున్నారో నాకు తెలుసు. నేను గైడుగా ఉన్నన్నాళ్ళూ ఈ సీటులో ఇంకెవరూ కూర్చోరు. వెళ్ళి మీ మేనేజరుకు చెప్పుకోండి. లేవండి!"

పెద్దావిడ డోరాను ఎగాదిగా చూసింది. కడ్డీ పట్టుకుని మెల్లగా లేచింది. లేచాక పమిట చెంగుతో సీటును ఒకసారి తుడిచింది.

"గిట్ల అడగాలె" అని పద్నాలుగో నంబరుకు వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆవిడ ఊరికే కూర్చోలేదు. "మ్యూజియంల ముందుగాల గడియారం కాడికి ఉరకుండ్రి, గంట కొట్టేది దాటితే మళ్ళ గంటసేపు కూసోవాలె" అంది. చార్మినార్ దగ్గర "మొదటి దుకాణంల గాజులు కొనకుండ్రి" అంది. జనం ఆవిడ చుట్టూ చేరారు. డోరా మూతి ముడుచుకుంది.

సాయంత్రం పద్మారావు నగర్ మూల మీద ఆవిడ దిగింది. సదాశివకు మాత్రం చెయ్యూపి గల్లీలోకి వెళ్ళిపోయింది.

స్టేషన్ దగ్గర రామ్మోహనరావు కాచుకుని ఉన్నాడు. పక్కన మెకానిక్కు, చేతిలో పానా.

డోరా గబగబా వెళ్ళి మడత సీటులో కూర్చుంది.

"విప్పించండి సార్. నాతో సహా విప్పించండి!"

"ఉద్యోగం పోతుందమ్మాయ్."

"పోతే పోనివ్వండి. సీటు మాత్రం పోదు."

దిగబోతున్న ప్యాసింజర్లు ఆగిపోయి చూస్తున్నారు. ఒకాయనైతే "భలే అమ్మా!" అన్నాడు. రామ్మోహనరావు చుట్టూ చూసి, గొంతు సవరించుకుని, "రేపు చూద్దాం" అంటూ మెకానిక్కును వెంటబెట్టుకుని జారుకున్నాడు.

సదాశివ పకపకా నవ్వాడు.

"అచ్చం కమలాబాయి లెక్కనే!"

"ఎవరన్నా ఆవిడ?"

"పొద్దుగాల నువ్వు లేపినవే, ఆమెనే. మన బస్సుకు మొదటి లేడీ గైడు. పదిహేనేండ్ల కింద గైడుకు సీటే లేకుండె, దినమంత నిలబడుడే. ఒకనాడు గోల్కొండ కాడ బస్సు ముంగట నడి రోడ్డు మీద కూర్చున్నది. సీటిస్తెనే లేస్త అన్నది. రెండు గంటలు కదల్లే. ఆఖరుకు ఓనరే దిగొచ్చి సీటు బిగిపిచ్చిండు. అప్పటిసంది ఏ బస్సు కొన్నా ఆ సీటు ఉండాల్సిందే."

డోరా చేతులు సీటు అంచును పట్టుకున్నాయి.

"అయ్యో! పొద్దున్నే చెప్పొద్దా అన్నా?"

"సీటు పీకేస్తుండ్రని ఆమెకు నేనే చెప్పిన. అందుకే వచ్చింది. 'ఆ పిల్ల దీని కోసం కొట్లాడతదో లేదో చూస్త, నువ్వు నోరు తెరవకు' అన్నది."

"ఆవిడ అన్నేళ్ళు కూర్చున్న సీటులోంచి చెయ్యి చూపి లేపేశానా నేను!"

సదాశివ నవ్వు ఆగిపోయింది.

"ఏడ కూర్చున్నది బిడ్డా? సీటు బిగిచ్చిన దినమే ఆమెను నౌకరీల నుంచి తీసేసిండ్రు. ఇయ్యాల గోల్కొండ దాంక కూర్చున్నదే, గంతే."