మూడో పదం

"ఉంగరం సంగతి తరవాత. ముందు స్తూపాకార నిరూపకాల్లో స్థాన సదిశ రాయవోయ్!" అంటూ డాక్టర్ రవూఫ్ వగ్దీ చేతిలో సుద్దముక్క పెట్టాడు.

పిల్లనడగడానికి వచ్చినవాణ్ణి నల్లబల్ల ముందు నిలబెట్టే తండ్రి మన్సూరా ఊరు మొత్తానికి ఈయనొక్కడే. విద్యుత్ క్షేత్రాల పాఠాలు చెప్పి చెప్పి రిటైరయ్యాడు గానీ, బల్ల మాత్రం ముందుగదిలోంచి కదల్లేదు. వగ్దీ ఇంజనీరే, కానీ కట్టేది వంతెనలు. దూరం, కోణం, ఎత్తు చెప్పే ఈ రో, ఫై, జెడ్‌ల మొహం చూసి ఎనిమిదేళ్లయింది. ఆయన కూతురు లమ్యా కాకపోతే పెళ్లే వద్దనుకున్నవాడు. వగ్దీ వాళ్లమ్మ బస్బూసా మిఠాయి పెట్టె ఒళ్లో పెట్టుకుని, పరీక్ష తనకే అన్నట్టు చెమట తుడుచుకుంటోంది.

అప్పుడే లమ్యా షర్బత్ తెచ్చింది. తండ్రి కళ్లజోడు తుడుచుకుంటున్న అదను చూసి, పళ్లెం కింద రెండు వేళ్లు చూపించింది.

వగ్దీ రెండే పదాలు రాశాడు. రో దిక్కున రో, జెడ్ దిక్కున జెడ్.

"ఫై ఏదోయ్, మింగేశావా? నిరూపకాలు మూడైతే పదాలు రెండేమిటి?"

"మూడోది అక్కర్లేదు డాక్టర్‌గారూ."

"మా పిల్లని చేసుకోవాలని ఉందా, లేదా?"

"ఆయనకేం కావాలో రాసెయ్యరా నాయనా!" అని గొణిగింది అమ్మ.

రెండే ఎందుకో వగ్దీకి అప్పుడు తట్టింది. గుండ్రటి పళ్లెం అందుకుని, అంచున ఒక గ్లాసు మాత్రం ఉంచాడు.

"నడిమధ్య నుంచి గ్లాసు వైపు చెయ్యి చాపితే, ఆ చెయ్యి అప్పటికే తిరిగి ఉంటుంది కదండీ. గ్లాసు ఎటు జరిగితే రో దిక్కూ అటే. మళ్లీ ఫై కలపడమంటే తిరిగినవాణ్ణే ఇంకోసారి తిప్పడం."

డాక్టర్ రవూఫ్ ఒక్క ఉదుటున లేచి వగ్దీని కావలించుకున్నాడు.

"మబ్రూక్! నీకంటే ముందు ముగ్గురొచ్చారయ్యా. ముగ్గురూ ఇంజనీర్లే, ముగ్గురూ ఫై తగిలించారు. వాళ్లు లెక్కగట్టిన విద్యుత్ క్షేత్రం చూస్తే బల్బు కూడా సిగ్గుపడుతుంది!"

అమ్మ నాలుక ఆడిస్తూ ఇల్లదిరేలా జగ్రూత, అదే సంబరాల కూత, అందుకుంది.

ఆ సందట్లో వగ్దీ, లమ్యా బాల్కనీలోకి జారుకున్నారు.

"నీ రెండు వేళ్లు లేకపోతే మునిగిపోయేవాణ్ణి. పాపం, ఆ ముగ్గురికీ ఎవరూ సాయం చెయ్యలేదు," అన్నాడు వగ్దీ.

"ఎందుకు చెయ్యలేదూ? వాళ్లకీ నేనే చూపించాను," అంది లమ్యా కిసుక్కున నవ్వి. "మూడు వేళ్లు."