చివరి వరుస

అత్తగారే అద్దెకున్నాయన సంచి సర్దింది. రెండు చొక్కాలు, తువ్వాలు, చుట్ట చుట్టిన తీగలు. ఇనుప మేకుల మూటను మాత్రం కాలితో గుమ్మం దాకా నెట్టింది.

"పొద్దున్నే ఇదేంటి అత్తయ్యా? ఇంకొక్క వరుసేగా మిగిలింది" అంది కోడలు.

"ఆ వరుస నా బావి దాకా వస్తుందట! నెల్లాళ్ళుగా పెరడంతా మేకులు పాతి, ప్రతి మేకు మొదట్లోనూ ఉప్పునీళ్ళు పోశాడు. నిమ్మచెట్టు చూడు, ఎలా మాడిపోయిందో!"

ముందు గది అద్దెకు తీసుకున్న ఆయన్ని వీధంతా మేకులాయన అనేది. ఇంటి వెనకే గని వ్యర్థాల గుట్ట. దాని మురుగు నేలలో ఎంతదూరం పాకిందో మేకుల్లోకి కరెంటు పంపి కొలిచేవాడు.

"ఉప్పునీళ్ళు చెంచాడేనమ్మా, మేకుకు తడి అంటడానికి. ఇక్కడ కరెంటు మరీ సులువుగా పోతోంది. అంటే కింద ఉన్నవి మంచినీళ్ళు కావు. బావి దగ్గర ఒక్క పూట కొలవనివ్వండి."

"ఓహో! అందుకేనా మా ఇంట్లో గుక్కెడు నీళ్ళు ముట్టలేదు? మా ఆయన దగ్గరుండి తవ్వించిన బావికి వంకలు పెడతారా?"

ఆయన బడికి బయల్దేరిన ఆవిడ మనవరాలి వైపు చూశాడు. ఎనిమిదేళ్ళ పిల్ల. అరచేతుల్లో గోధుమరంగు మచ్చలు.

"పాపకైనా ఈ నీళ్ళు ఇవ్వకండమ్మా."

"పసిపిల్లను పట్టుకుని ఏం మాటలవి? ముందు బయటికి నడవండి!"

ఆయన సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"కబురు చేస్తే వస్తానమ్మా."

ఆ తర్వాత పెరట్లో ఉప్పునీళ్ళు పోసినవాళ్ళు లేరు.

నిమ్మచెట్టు మాత్రం ఎండటం మానలేదు.

మూడో నెలలో పిల్ల చేతులు గరుకెక్కి పగిలాయి. డాక్టరు మొదట అడిగింది ఒకటే.

"ఏ నీళ్ళు తాగుతోంది?"

అత్తగారు ఇంటికొస్తూనే చేద తాడు కోసి పారేసింది. కోడలి చేత గనుల ఆఫీసుకు ఫోన్ చేయించి, తనే లాక్కుంది.

"ఆ మేకులాయన్ని పంపండి బాబూ. బావి గట్టు మీదే పాతుకోమనండి. నేనేం అనను."

"మేం ఎవర్నీ పంపలేదమ్మా."

"నెల్లాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారయ్యా! నెరిసిన జుట్టు, ఎడమచేతి వాటం..."



"ఆయనా... మా పాత ఇంజినీరుగారమ్మా. ఇప్పుడెక్కణ్ణుంచి పంపమంటారు? మార్చి తొమ్మిదిన మీ ఊళ్ళో ఎక్కిన బస్సులోనే గుండె ఆగింది."

అవతల ఫోన్ పెట్టేశాక కూడా ఆమె దాన్ని చెవి దగ్గరే పట్టుకుని కూర్చుంది.

ఈ గుట్ట నుంచి చుక్క కూడా నేలలోకి దిగదని పద్నాలుగేళ్ళ కిందట సంతకం పెట్టి, ఆ సంతకాన్ని కొట్టేయడానికి ఎవరూ పంపకుండానే వచ్చిన మనిషి మార్చి తొమ్మిది పొద్దున ఆ గుమ్మం దిగాడు, మళ్ళీ రాలేదు.