నాలుగెకరాల నెత్తురు

సిద్దిరాములు పొద్దున్నే రెండు సీసాల కల్లు గొంతులో పోసుకున్నాడు, చెయ్యి వణకకూడదని.

శామీర్‌పేట పక్కన వాళ్ల ఊళ్లో ఆ రోజు సర్వే. మండలాఫీసు వాళ్లకు కొత్త ఆలోచన పుట్టింది. పుట్టిన ప్రతి ఆలోచననీ ముందు బీదోడి పొలంలోనే కదా నాటి చూస్తారు! లావణి పట్టాలంటే, సర్కారు ఒకప్పుడు భూమి లేనివాళ్లకు పంచిన పొలాలు. వాటన్నిటినీ మళ్లీ ఒక్క ముద్ద చేసి ఏదో కంపెనీకి ఇస్తారట. బదులుగా ఎకరానికి రెండొందల గజాల ఇంటి జాగా. ఇక్కడ కుదిరితే జిల్లా అంతా ఇదే పద్ధతి. కాదంటే నోటీసు. ఇచ్చిన సర్కారుకు తీసుకునే హక్కు కూడా ఉందని చాటింపు వేశారు.

పక్క ఊరి గాలయ్య పోయినేడు జాగా ఇస్తామంటే నమ్మి ఇంకో కంపెనీకి మూడెకరాలిచ్చాడు. ఇప్పుడు జీడిమెట్లలో ఏదో గేటు దగ్గర కూచుని వచ్చే పోయే లారీలకు సలాం కొడుతున్నాడు. జాగా మాత్రం ఇంకా కాగితం మీదే ఉంది.

సిద్దిరాములుకున్నది నాలుగెకరాలు. పట్టా తండ్రి పేరు మీద. కానీ అందులో బావి తవ్వింది బాబా మియా. పదిహేనేళ్లుగా సగం పాలుకు టమాటా, బెండ పండిస్తున్నదీ అతనే. ఇద్దరూ ఒక్క సద్దిగిన్నెలో చేతులు పెట్టి తిన్నవాళ్లు. అలాంటిది, సర్వే కబురొచ్చిన వారానికే చాయ్ హోటల్ ముందు గల్లాలు పట్టుకున్నారు. భూమి నాదంటే నాదని బజారున పడ్డారు. ఊరు ముక్కున వేలేసుకుంది. మట్టి దగ్గర సొంత అన్నదమ్ములే ఆగరు, వీళ్లెంత అంది.

సర్వేకు వచ్చిన చక్రపాణి సారు కొంపల్లిలో ఉంటాడు. కోస్తా వైపు మనిషి, మెత్తనివాడు. జాబితా సాయంత్రానికల్లా జిల్లాకు చేరాలని ఆయన తొందర. గట్టు మీద కుర్చీ వేసుకుని పేర్లు పిలుస్తున్నాడు. సర్పంచ్ బాలనర్సయ్య వేలిముద్రల డబ్బా పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

నాలుగెకరాల వంతు వచ్చింది. బాబా మియా ముందే వచ్చి మడి గట్టెక్కి నిలబడ్డాడు.

"నా బాపు భూమి ఇది. దిగు," అన్నాడు సిద్దిరాములు. అన్నవాడు అనుకున్నంత గట్టిగా అనలేకపోయాడు.

బాబా మియా దిగలేదు. సిద్దిరాములు నెట్టాడు. అతను టమాటా సాలులో వెల్లకిలా పడి, లేచి, ఇతని చెంప పగలగొట్టాడు. అంగీలు చిరిగాయి. సిద్దిరాములు చేతికర్రతో భుజం మీద ఒకటి వేశాడు. అదేమంత దెబ్బ కాదు. గొడ్డును అదిలించినట్టు వేశాడు.

చక్రపాణి పరిగెత్తుకొచ్చి మధ్యలో నిలబడ్డాడు. ఈమాత్రం దానికి కొట్టుకుంటారా అని ఇద్దర్నీ మందలించాడు.

"చెరి సగం రాసేస్తాను. ఇద్దరికీ జాగా వస్తుంది. వేలిముద్రలు వేయండి," అన్నాడు.

హమ్మయ్య అనుకున్నారు జనం. బాలనర్సయ్య డబ్బా మూత తీశాడు. సిద్దిరాములు కర్ర దించేశాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అప్పుడు బాబా మియా ఉమ్మేశాడు. సిద్దిరాములు తల్లిని, పోయి ఏడాదైనా కాని మనిషిని, ఊరందరి ముందూ ఒక మాటన్నాడు. రాయడానికి వీల్లేని మాట. ఒక్కసారి కాదు, రెండుసార్లు.

సిద్దిరాములు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏడుస్తూనే కర్ర ఎత్తాడు. బాబా మియా చెయ్యి అడ్డం పెట్టాడు. ముంజేతి బొక్క విరిగిన చప్పుడు గట్టు మీది వాళ్లందరికీ వినిపించింది. తెల్లటి కొస తోలు చీల్చుకుని బయటికొచ్చింది. రెండో దెబ్బ నెత్తి మీద పడింది. నెత్తురు చిమ్మి సారు చేతిలోని జాబితా తడిసింది. మూడోది పడేలోగా నలుగురు మీదపడి సిద్దిరాములు చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. అతను ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు.

బాబా మియా భార్య షహజాది బేగం గట్టు చివర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. అరవలేదు, అడ్డం రాలేదు. పాపం, భయంతో కొయ్యబారిపోయిందని ఆడవాళ్లు అనుకున్నారు.

"బొక్క విరిగింది సారూ. ఇగ ఇది పంచాయితీల తేలదు, కోర్టుకే పోతది," అన్నాడు బాలనర్సయ్య.

చక్రపాణి మొహం పాలిపోయింది. పోలీసులకు ఫోన్ చేశాడు. కోర్టు కేసు పడ్డ భూమి జోలికి పోవద్దని పైనుంచి గట్టి ఆర్డరుందట. ఎర్ర పెన్నుతో ఆ సర్వే నంబరు కొట్టేశాడు. కేసు తేలేదాకా అక్కడ ఎలా ఉన్నది అలాగే ఉండాలని రాసుకుని, చేతులు కడుక్కుని పక్క మడికి పోయాడు. సాయంత్రానికి మిగతా తొంభై ఎకరాల వాళ్లూ నోరెత్తకుండా వేలిముద్రలు వేశారు.

వచ్చిన పోలీసులకు ఉన్నది ఒక్క జీపు. దవాఖానా, ఠాణా రెండూ మేడ్చల్‌లోనే. కొట్టినవాణ్నీ తిన్నవాణ్నీ వెనక సీట్లో ఎదురెదురుగా కూచోబెట్టారు. సిద్దిరాములు తలెత్తలేదు. గుంతలో జీపు ఎగిరినప్పుడల్లా బాబా మియా పళ్లు కొరుక్కుంటుంటే, ఇతని కళ్లు కారుతూనే ఉన్నాయి.

జీపు నడుపుతున్న కానిస్టేబుల్ దారిలో ఆపి బీడీల కోసం దిగాడు. ఇద్దరే మిగిలారు.

బాబా మియా ముందుకు వంగి, ఆడుతున్న ఒక్క చేత్తో సిద్దిరాములు కళ్లు తుడిచి, "ఏడ్వకు తమ్మీ, కోర్టు తేల్చేదాంక మన మడిని ఎవ్వడు ముట్టడు, గని కేసు కొట్టేసి మల్ల సర్వేకొస్తే గప్పుడు దెబ్బలు తినే వంతు నీది," అన్నాడు.