గెలుపు లేని ఆట

మేడ మీది గదిలో కిరాయికున్న నాగరాణి కంప్యూటర్ తెర చూసి లక్ష్మీనర్సయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు.

తెర మీద హైవే. పక్కన పడిపోయిన స్కూటీ. మట్టిలో ఒక అమ్మాయి. చుట్టూ ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్న జనం.

కింద మూడు గళ్లు. నీళ్లు ఇవ్వు. చెయ్యి పట్టుకో. మాట్లాడు.

"గిదేంది?"

"గేమ్ సార్. నేనే తయారు చేస్తున్నా."

"సచ్చిపోయే పిల్లతోటి ఆటనా?"

"ఆడుకునేది కాదు సార్. ఇదొక కథ."

లక్ష్మీనర్సయ్య సూర్యాపేటలో ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పి నిరుడే రిటైరైనవాడు.

"కథంటే ఏందో నాకు చెప్తవా? దుఃఖం రాయనీకి పుస్తకాలున్నయి. గేమ్‌లు పోరగాండ్లు టైంపాస్‌కు ఆడేటియి."

"పుస్తకం చదివేవాళ్లు పక్కనుంచి చూస్తారు సార్. ఇందులో ఆ చెయ్యి వాళ్లే పట్టుకోవాలి."

"పట్టుకుంటే పాయింట్లస్తయా?"

"రావు సార్. ఏది నొక్కినా ఆ పిల్ల బతకదు. చివరిదాకా దగ్గరుండటమే."

ఆయన మళ్లీ తెర మీది స్కూటీ వైపు చూశాడు.

రెండేళ్ల కింద ఆయన ఒక్కగానొక్క కూతురు శ్రీలత స్కూటీ మీద కోదాడ కాలేజీకి పోతూ, మునగాల దాటాక లారీ తగిలి చనిపోయింది. అక్కడికక్కడే ప్రాణం పోయిందన్నారు.

"ఊళ్లె ఎవరో చెప్తే ఇని, నా బిడ్డ సావును బొమ్మలు గీసి అమ్ముకుంటున్నవ్."

"అమ్మను సార్. మీకొక మాట చెప్పాలి. మూడు నెలల నుంచీ చెప్పాలనే..."

"గది ఖాళీ చెయ్యి. ఇయ్యాల్నే."

అలికిడికి ఆయన భార్య ఆండాలు మెట్లెక్కి వచ్చింది.

"పానం బాగలేని పిల్ల. దవాఖానకు తిరుగుతున్నది. జర ఉండనీ."

"నువ్వు కిందికి నడువు."

నాగరాణి కంప్యూటర్ ఆపేసింది. సాయంత్రానికి సామాను ఆటోలో వేసుకుని వెళ్లిపోయింది. పోయే ముందు ఆండాలు ఫోన్‌లో ఏదో ఎక్కించి ఇచ్చింది.

మర్నాటి నుంచి ఆండాలు రోజూ అన్నాలయ్యాక ఫోన్ పట్టుకుని వంటింట్లో కూర్చునేది.

"ఈ వయసుల గేమ్‌లేంది? పక్కింటోళ్లు సూస్తే నవ్వుతరు," అని ఆయన రోజూ తిట్టేవాడు.

ఆమె తెర మీంచి చూపు తిప్పేది కాదు. కూతురు పోయిన దగ్గర్నుంచి ఆమెకు మాటే తక్కువ.

రెండు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం వంటింట్లోంచి ఆమె గొంతు వినిపించింది.

"దూపైతుందా బిడ్డా? జర ఓర్సుకో, నీళ్లిస్త."

లక్ష్మీనర్సయ్య విసురుగా లోపలికి వెళ్లాడు.

"పిచ్చి పట్టిందా? బంద్ చెయ్యి."

ఆండాలు ఫోన్ ఆయన చేతిలో పెట్టింది.

"ఒక్కసారి ఆడు. ఆడినంక తిట్టు."

ఆయన నిలబడే నీళ్ల గడి నొక్కాడు. ఆ పిల్ల మింగలేకపోయింది. నీళ్లు చెంప మీదుగా కారిపోయాయి.

చెయ్యి పట్టుకునే గడి నొక్కాడు. తెర మీద ఒక చెయ్యి వచ్చి ఆ పిల్ల చేతిని పట్టుకుంది. ఆయన వేలు తీశాడు. పిల్ల చెయ్యి మట్టిలోకి జారిపోయింది.

మళ్లీ వేలు పెట్టాడు. ఈసారి తియ్యలేదు. అలాగే నేల మీద కూర్చున్నాడు.

"మా నాయినకు ఫోన్ చెయ్యుండ్రి," అంది ఆ పిల్ల.

ఫోన్ మోగింది. మూడో రింగుకు అవతల తండ్రి ఎత్తాడు.

"పెద్దసారూ, పేపర్లు దిద్దుడు అయిందా?" అంది పిల్ల.

శ్రీలత పోయిన రోజు లక్ష్మీనర్సయ్య పదో తరగతి పేపర్లు దిద్దుతున్నాడు. పెద్దసారూ అని ఆయన్ను ఆటపట్టించేది లోకంలో శ్రీలత ఒక్కతే. అదీ ఇంట్లోనే.

"భయమైతలేదు నాయినా. ఒకామె నా పక్కనే ఉన్నది. అమ్మకు చెప్పు."

తెర నల్లబడింది.

ఆయన ఫోన్ ఆండాలుకిచ్చాడు.

"పక్కనున్నది నాగరాణేనని నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఇంటవా?"



"ఫోన్ మాట మటుకు ఉత్తదే," అన్నాడు ఆయన. "ఆ దినం బిడ్డ నాతోటి మాట్లాడలే."

"కథ గదా," అంది ఆండాలు.

మర్నాడు పొద్దున్నే ఆయన కోదాడ బస్సెక్కాడు. నాగరాణి తమ్ముడు మహేశ్వర్‌కు బస్టాండు వెనక సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉందని కిరాయికి దిగిన రోజే ఆమె చెప్పింది.

"అక్క పోయి పన్నెండు రోజులైంది సార్. కిడ్నీలు పాడయ్యాయి. మీరెవరు?"

"సూర్యాపేట. ఇంటి ఓనర్‌ను."

ఆ పిల్ల తండ్రినని మాత్రం ఆయన చెప్పలేదు. మహేశ్వర్ స్టూలు జరిపి, టీ చెప్పాడు.

"డయాలసిస్ ఇక్కడా చేస్తారు సార్. అయినా సూర్యాపేటలోనే ఉంటానని పట్టుబట్టింది. ఎందుకో చెప్పలేదు."

"ఆమె చేసిన గేమ్..."

"నిజంగా జరిగిందే సార్ అది. అక్క ఎక్కిన బస్సు మునగాల దగ్గర ఆగిపోయింది. దిగి చూస్తే ఆ పిల్ల. అంబులెన్స్ వచ్చేసరికి నలభై నిమిషాలు. అందాకా తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇంటికొచ్చి వారం రోజులు అన్నం తినలేదు."

లక్ష్మీనర్సయ్య టీ గ్లాసు కింద పెట్టాడు.

"మరి అండ్ల ఫోన్ మాట?"

"పిల్ల నంబరు చెప్తే అక్క నాలుగుసార్లు చేసింది సార్. వాళ్ల నాన్న ఎత్తలేదు," అన్నాడు మహేశ్వర్. "ఆ సంగతి ఆయనకి ఎప్పటికీ తెలియకూడదని, ఆటలో మాత్రం ఎత్తినట్టు రాసింది."