పెద్దపిల్లల పియానో పుస్తకం

“పియానో నేర్చుకునే పుస్తకం కావాలండీ. పెద్దపిల్లలకి.”

ఏలూరు బజారులో తన కొట్లో హార్మోనియం పెట్టెల దుమ్ము దులుపుతున్న మొహిద్దీన్ చెయ్యి అక్కడికక్కడే ఆగిపోయింది. వచ్చినాయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చొక్కా బొత్తాలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి. పేరు బంగార్రాజు, ఊరు తాడేపల్లిగూడెం. పొద్దుటి పాసింజరుకి దిగి తిన్నగా ఇక్కడికే వచ్చాడు.

1934లో గూడెం నుంచి ఒక మనిషి పియానో పుస్తకం కోసం రావడమంటే కొల్లేట్లో తిమింగలం పడ్డట్టే. మొహిద్దీన్ అమ్మేది హార్మోనియాలూ, గ్రామఫోను ముళ్ళూ. దొరసానులు కొంటారని ఆశపడి మద్రాసు నుంచి నాలుగు పియానో పుస్తకాలు తెప్పించాడు. వాళ్ళు కొనలేదు. ప్రస్తుతం వాటిని చెదపురుగులు చదువుకుంటున్నాయి.

“పియానో కొన్నారాండీ?”

“దిగిందండీ. ఎవరో దొర సీమకి పోతూ వేలం వేయించాడు. గుమ్మం పట్టకపోతే గుమ్మమే పగలగొట్టి లోపల పెట్టారు.”

“పిల్లలకి ఎన్నేళ్ళండీ?”

“పిల్లకి పదమూడు, పిల్లాడికి పన్నెండు. వేళ్ళు గట్టివండీ. ఉత్సాహం ఇంకా గట్టిది. కోడి కూయకముందే దాని ముందు కూచుంటారు.”

మొహిద్దీన్‌కి అసూయ కలిగింది. తన సంతానాన్ని కోడి కాదు కదా, ఫిరంగి కూడా లేపలేదు.

“పుస్తకం కుదరకపోతే నా కాపురం కూలినట్టేనండీ,” అన్నాడు బంగార్రాజు. “మా ఆవిడ వెంకటనరసమ్మ పెంటపాడు పుట్టింటికి పోయి కూచుంది. ఈ పియానో సంగతేదో తేలేదాకా గూడెంలో గడప తొక్కనంది.”

మొహిద్దీన్ కరిగిపోయాడు. సంగీతం కోసం మొగుడి మీద అలిగిన ఇల్లాలి సంగతి వినడం ఆయనకి ఇదే మొదలు. ఇంత బాధలో ఉన్న మనిషికి ఎలాగైనా సాయం చేయాలనిపించింది.

మొదటి పుస్తకం తీశాడు. అట్ట మీద గొర్రెపిల్ల బొమ్మ. “ఇందులో పాటలన్నీ అరపేజీవేనండీ. బహు సులువు.”

“అంటే ఒకే పాట రోజల్లా తిప్పి తిప్పి వాయిస్తారన్నమాట. వద్దండీ.”

“అవునులెండి, పెద్దపిల్లలకి నామోషీ కూడాను. ఇదిగో, ఇది చూడండి. అన్నీ కవాతు పాటలు. రెండు చేతులా బాదాలి. పియానో అదిరిపోతుంది.”

బంగార్రాజు ఆ పుస్తకాన్ని గొర్రెపిల్ల కింద దాచేశాడు.

“పోనీ, ఇది సాధకం పుస్తకమండీ. పాటలుండవు. ఒకటే వరస. కిందనుంచి పైకి, పైనుంచి కిందికి. వేళ్ళు సాగేదాకా అదే.”

“ఎన్నాళ్ళండీ?”

“కొందరు జన్మంతా చేస్తారండీ.”

“బాబోయ్!” అంటూ బంగార్రాజు స్టూలు మీద కూలబడ్డాడు. మొహిద్దీన్ మంచినీళ్ళిచ్చి, కాసేపు విసనకర్రతో విసిరాడు. ఇంత శ్రద్ధ ఉన్న మనిషిని వట్టి చేతులతో పంపడం పాపమనిపించింది. నిచ్చెన వేసుకుని పై అరలోంచి ఇటుకంత పుస్తకం దింపాడు.

“చెప్పకూడదు గానీ, దీన్ని ఎవరూ ముట్టుకోరండీ. ఒట్టి శాస్త్రం. గీతలు గియ్యడం, గుర్తులు బట్టీపట్టడం, పరీక్షలు రాయడం. ఇదంతా అయ్యేదాకా పియానో మూత తియ్యకూడదని మొదటి పేజీలోనే కట్టడి చేశాడు, రాసిన దొర.”

బంగార్రాజు లేచి నిలబడ్డాడు. “మూత తియ్యకూడదన్నాడా?”

“ముట్టుకోకూడదన్నాడండీ.”

“మహానుభావుడు! పూర్తవడానికి ఎంతకాలం పడుతుందంటారు?”

“పిల్లలు బుద్ధిమంతులైతే రెండేళ్ళు.”

“అంత బుద్ధిమంతులేం కారండీ,” అన్నాడు బంగార్రాజు ఆశగా.

పుస్తకాన్ని రెండు చేతులా గుండెకి హత్తుకున్నాడు. ఎర్రటి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దీనికి రెండో భాగం కూడా ఉందేమో కనుక్కున్నాడు. ఉందని తెలిసి, అదీ తెప్పించమన్నాడు. ఇవాళే పెంటపాడు వెళ్ళి వెంకటనరసమ్మని బండెక్కిస్తానన్నాడు. వచ్చినప్పటి మనిషేనా అనిపించేలా నవ్వాడు.

ఆ సంబరం చూసి మొహిద్దీన్‌కీ కడుపు నిండిపోయింది. సిరాబుడ్డి మూత తీసి, కలం ముంచి, పుస్తకం మొదటి పేజీ తెరిచాడు.

“పిల్లల పేర్లు చెప్పండి. కింద ‘ప్రేమతో నాన్న’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో నేనే రాసిపెడతాను.”

బంగార్రాజు కంగారుగా కలానికి చెయ్యి అడ్డం పెట్టి, “నాన్న అని రాయకండి సాయిబుగారూ, వాళ్ళ నాన్న నా మీదికి గొడవకొస్తాడు, ‘గోడవతలి బాబాయి’ అని రాయండి చాలు!” అన్నాడు.