పిల్లుల కమిటీ కమ్మటి తీర్పు

"మా పిల్లి తినలేదండీ. వాసన చూసింది. గిన్నె చుట్టూ నేల గీకింది, మట్టి కప్పెడుతున్నట్టు. తోక చూపించి వెళ్ళిపోయింది," అన్నాడో బక్కపలచటి మనిషి.

సూపర్‌మార్కెట్ గోడౌన్‌లో, అట్టపెట్టెల మధ్య కుర్చీలేసుకుని కూర్చున్నవాళ్ళంతా గొల్లుమన్నారు.

ఇన్‌ఛార్జి మాత్రం నవ్వలేదు. నమిలే బిస్కెట్టు గొంతుకు అడ్డం పడింది.

ఆ షాపు తన సొంత పేరుతో క్యాట్ ఫుడ్ తెస్తోంది. పెద్ద కంపెనీ ప్యాకెట్టుకు సగం ధరే. తయారీ నుంచి అమ్మకం దాకా భారమంతా ఇన్‌ఛార్జిదే.

"ఇది ఆడిందా, నీకు పైమెట్టు. ఓడిందా, బయటి మెట్టు," అని ఓనరు ముందే తేల్చేశాడు. మార్జాలం కన్నా మార్జిన్ మీద మమకారం ఎక్కువ ఆయనకు.

చిక్కల్లా ఇన్‌ఛార్జి జన్మలో పిల్లిని పెంచి ఎరగడు. పిల్లి బొమ్మ చూసినా ఆయన భార్య తుమ్ముల దండకం అందుకుంటుంది.

అందుకే షాపు తలుపుకు కాగితం అంటించాడు. 'మా క్యాట్ ఫుడ్ ఉచితంగా పట్టుకెళ్ళండి. ప్రతి ఆదివారం వచ్చి ఎలా ఉందో చెప్పండి. గిఫ్టు సంచీ అదనం.'

పదిమంది వచ్చారు. ఆ గుంపుకి పిల్లుల కమిటీ అని పేరు పెట్టి మురిసిపోయాడు.

కమిటీ అన్నీ కమ్మటి మాటలే చెప్పేది, ఆ ఒక్క మనిషి తప్ప.

"మా బంగారం గిన్నె నాకి నాకి అద్దం చేసేసిందండీ. అందులో చూసుకుని నేను బొట్టు పెట్టుకున్నా!" అంది టీచరమ్మ.

"మావాడు తోక ఊపుకుంటూ తిన్నాడు సార్," అన్నాడు టైలరు.

"తోక ఊపాడా! శభాష్!" అని ఇన్‌ఛార్జి పొంగిపోయాడు.

"నా వంటకి మా అత్తగారు వంకలు పెడతారుగానీ, మీ ఫుడ్డుకి మా ఇంట్లో వంక పెట్టినవాళ్ళు లేరండీ," అంది వెనక కుర్చీలోని కోడలు.

చివరికి ఆ బక్కపలచటి మనిషి వంతు వచ్చేది. చొక్కా నిండా నూగు. దులుపుకునే శ్రద్ధ కూడా లేదని ఇన్‌ఛార్జికి చిరాకు.

"ఈవారం?"

"కప్పెట్టేసిందండీ."

"పోయినవారం ఇచ్చింది?"

"అదీ కప్పెట్టేసింది."

"ఎందుకట?"

"నాకేం తెలుసండీ? అది చెప్పదు కదా. నచ్చలేదు, అంతే."

కమిటీ ఆయనకు పేచీకోరు అని బిరుదిచ్చేసింది.

ఓ ఆదివారం ఇన్‌ఛార్జికి ఓపిక చచ్చింది. "అందరూ ఆహా అంటుంటే మీ పిల్లికొక్కదానికే ఊహూనా? అది పిల్లా, పెళ్ళికొడుకు తరఫు చుట్టమా?"

"మరి తిందని అబద్ధం చెప్పమంటారా?"

"చెప్పమనను. ఇకనుంచి రావద్దంటాను."

పేచీకోరు లేచాడు. గిఫ్టు సంచీ మడిచి కుర్చీలో పెట్టాడు.

"పెద్ద కంపెనీది కొనలేనండీ. మీదైనా బాగుపడితే మా ఇంటికి ఆసరా అవుతుందని వచ్చా," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"శని వదిలింది!" అన్నాడు టైలరు. టీ ఇంకోసారి తిరిగింది.

సరుకు అల్మారాలెక్కింది. చవక కదా, మొదట్లో జనం ఎగబడ్డారు.

ఆ తర్వాత అమ్మకాలు పిల్లిమొగ్గలేశాయి. కొన్నవాళ్ళు చింపిన ప్యాకెట్లు తెచ్చి కౌంటరు మీద గిరాటేశారు. "మా పిల్లి ముట్టదేంటయ్యా దీన్ని?"

ఓనరు కబురంపాడు.

"నీ కమిటీ పిల్లులు ఆవురావురుమన్నాయన్నావు. ఏదీ, ఒక్క పిల్లి తింటున్న ఫోటో తీసుకురా. తేలేదా, నువ్వూ రాకు."

ఇన్‌ఛార్జి ప్యాకెట్టు చంకన పెట్టుకుని టీచరమ్మ తలుపు తట్టాడు.

"బంగారమా? మా చెల్లెలింటికి వెళ్ళిందండీ," అంది ఆవిడ, తలుపు సందులోంచి.

"ఎప్పుడొస్తుందమ్మా?"

"రాగానే కబురు చేస్తాగా!" తలుపు మూసుకుంది.

టైలరు కొట్లో కుట్టుమిషను కిందనుంచి ఆ 'మావాడు' బయటికొచ్చాడు. తోక ఊపాడు. భౌమన్నాడు.

"ఇది కుక్క కదయ్యా!"

"బాగా తిందా అని అడిగారుగానీ, ఎవరు తిన్నారని అడిగారా సార్?"

కోడలు దాచలేదు. "మా అత్తగారి కోళ్ళకి వేశానండీ. గింజ మిగల్చలేదు. ఇంకో బస్తా ఉంటుందా?"

ఆ తర్వాతి గడపల్లో ఒకచోట చేపలతొట్టి, ఒకచోట చిలకపంజరం. మిగతా చోట్ల నీళ్ళు నమలడం.

మిగిలింది పేచీకోరు ఇల్లు. పరువున్నవాళ్ళకే పిల్లి లేకపోతే ఈయనకేం ఉండి చస్తుంది, ఊరికే పేచీకొచ్చిన బాపతు అనుకుంటూనే, దారిలేక ఆ సందు తిరిగాడు.

తలుపు తీసినావిడ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటోంది.

"అన్నయ్య లేడండీ. మార్కెట్ వెనక కొత్త షాపువాళ్ళు కూడా క్యాట్ ఫుడ్ చేస్తున్నారట. మీ మాట మాకు ఖాయంగా కావాలి అని దగ్గరుండి తీసుకెళ్ళారు. మీరెవరని చెప్పను?"

ఇన్‌ఛార్జి చంకలోని ప్యాకెట్టు వీపు వెనక్కి దాచుకున్నాడు.

ఆవిడ కాళ్ళ సందునుంచి బూడిదరంగు పిల్లి ఒకటి నింపాదిగా గడప దాటి వచ్చి, ఆయన్ని ఎగాదిగా చూసింది. పొద్దుటినుంచి కాళ్ళరిగేలా తిరిగిన ఇన్‌ఛార్జికి కనబడ్డ మొదటి పిల్లి అదే. ఆయన పిల్లుల కమిటీ మొత్తం మీద, పిల్లి ఉన్న సభ్యుడు ఆ పేచీకోరు ఒక్కడే.